వెనుక ఉన్న సర్వర్‌కు ఎవరొచ్చారో చెప్పేదెవరు?

నేను నడిపే ఒక చిన్న వెబ్ అప్లికేషన్ ముందు ఎంజినెక్స్ అనే వెబ్ సర్వర్‌ను రివర్స్ ప్రాక్సీగా, అంటే వచ్చిన అభ్యర్థనలను అందుకుని వెనుక ఉన్న అప్లికేషన్‌కు చేరవేసే మధ్యవర్తిగా, నిలబెట్టిన మర్నాడు ఉదయానికల్లా, అందులోకి ఒక్కరు కూడా లాగిన్ కాలేని పరిస్థితి వచ్చింది. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినవారికీ తప్పు కొట్టినవారికీ ఒకటే సమాధానం: "మీరు చాలాసార్లు ప్రయత్నించారు, 15 నిమిషాల తర్వాత మళ్లీ రండి." ఒకే ఐపీ చిరునామా నుంచి ఐదుసార్లు తప్పు పాస్‌వర్డ్ వస్తే ఆ చిరునామాకు పావుగంట సేపు తలుపు మూసేయమని ఆ అప్లికేషన్‌లో రాసింది నేనే. లాగ్ తెరిచి చూస్తే, వచ్చిన ప్రతి ఒక్కరి చిరునామా 127.0.0.1 అని ఉంది, అంటే ఏ యంత్రమైనా తనను తాను పిలుచుకునే చిరునామా. ఎవరో ఒకరు తమ పాస్‌వర్డ్ మరచిపోయి ఐదుసార్లు తడబడితే, వారితోపాటు లోకమంతటికీ తాళం పడింది.

తప్పు ఎంజినెక్స్‌ది కాదు. ముందు రోజు రాత్రి కాన్ఫిగరేషన్ ఫైల్‌లో నేను రాసినవి మూడే సంగతులు: హెచ్‌టీటీపీఎస్‌కు వాడే 443 పోర్ట్ మీద విను, ఈ సర్టిఫికెట్ చూపించు, వచ్చినదాన్నల్లా ప్రాక్సీ పాస్ అనే ఆదేశం ద్వారా ఇదే యంత్రంలోని 8000 పోర్ట్‌కు పంపు. బ్రౌజర్‌లో పేజీ తెరుచుకుంది, తాళం గుర్తు కనబడింది, పని అయిపోయిందనుకుని నిద్రపోయాను. పేజీ తెరుచుకోవడమనేది రివర్స్ ప్రాక్సీ విషయంలో చాలా బలహీనమైన రుజువని అప్పటికి నాకు తెలియదు. దారి ఉన్నదని మాత్రమే అది చెబుతుంది. ఆ దారిన ఏమేమి చేరింది, ఏమేమి రాలిపోయింది అన్నది చెప్పదు.

రివర్స్ ప్రాక్సీ ఉన్నచోట బ్రౌజర్‌కూ అప్లికేషన్‌కూ మధ్య నడిచే సంభాషణ ఒకటి కాదు, రెండు. బ్రౌజర్ ఎంజినెక్స్‌తో మాట్లాడుతుంది. అది విన్నాక ఎంజినెక్స్ వేరే టీసీపీ కనెక్షన్ తెరిచి, తన మాటల్లో, తన పేరు మీద వెనుక ఉన్న సర్వర్‌తో మాట్లాడుతుంది. పూర్వం ఒకరి భాష ఒకరికి తెలియని ఇద్దరి మధ్య కూర్చునే దుబాసీ లాంటిది దాని పని. దుబాసీ చెప్పినదే అవతలివారికి సత్యం. చెప్పకుండా వదిలేసినది జరగనే లేదు. కిందటి ఏడాదిగా నేను ఎదుర్కొన్న ప్రాక్సీ సమస్యల్లో దాదాపు అన్నిటికీ మూలం ఇక్కడే ఉంది కనుక, ఇప్పుడు ఏ వరుస రాస్తున్నా ముందుగా ఒక ప్రశ్న వేసుకుంటున్నాను: వెనుక ఉన్న సర్వర్ తాను ఎవరితో, ఏ పేరుతో, ఏ తోవన మాట్లాడుతున్నానని అనుకుంటోంది?

ఇంత తలనొప్పి ఉన్నప్పుడు అసలు ప్రాక్సీ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. నా అప్లికేషన్ పైథాన్‌లో రాసినది, పైథాన్ అప్లికేషన్లను నడిపే గునికార్న్ అనే సర్వర్ మీద నడుస్తుంది. దాని మామూలు సింక్ వర్కర్, అంటే పనిచేసే ప్రాసెస్, ఒక్కొక్కటి ఒక సమయంలో ఒక్క అభ్యర్థననే చూస్తుంది. నాకున్నవి ఐదు వర్కర్లు. నెమ్మదైన మొబైల్ కనెక్షన్ మీద ఎవరైనా ఒక పెద్ద పేజీని ఇరవై సెకన్లు తీసుకుని దింపుకుంటే, ఆ ఇరవై సెకన్లూ ఒక వర్కర్ అక్కడే కట్టుబడి ఉంటుంది. అటువంటివారు ఐదుగురు ఒకేసారి వస్తే ఆరోవారికి తలుపు తీసేవారుండరు. ఎంజినెక్స్ ముందు ఉంటే అది సమాధానాన్ని గబగబా తీసేసుకుని వర్కర్‌ను వదిలేస్తుంది, ఆ తర్వాత అవతలివారు ఎంత నెమ్మదిగా తాగినా ఓపికగా పోస్తూ ఉంటుంది. ఇగోర్ సిసోయెవ్ 2002లో మొదలుపెట్టి 2004లో జనం ముందుకు తెచ్చిన ఈ సర్వర్ పుట్టిందే ఆ ఓపిక కోసం: ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్‌ను కేటాయించకుండా, కొద్దిపాటి వర్కర్ ప్రాసెస్‌లతోనే వేల కనెక్షన్లను కనిపెట్టుకుని ఉండటం దాని నిర్మాణంలోనే ఉంది. సర్టిఫికెట్లు ఒక్కచోట ఉండటం, ఒకే ఐపీ చిరునామా మీద నాలుగైదు అప్లికేషన్లను నడపగలగడం, బొమ్మలూ స్టైల్ ఫైళ్లూ పైథాన్ దాకా వెళ్లకుండానే అందడం మిగతా లాభాలు.

ఇక ఆ ఉదయం కథకు వస్తాను. దుబాసీ వెనుక సర్వర్‌కు సరిగ్గా ఏం చెబుతున్నాడో నాకై నేను వినాలనిపించి, వచ్చిన అభ్యర్థనను యథాతథంగా తెర మీద అచ్చు వేసే పది వరుసల చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాసి, దానిని 9000 పోర్ట్ మీద నడిపి, ఎంజినెక్స్‌ను తాత్కాలికంగా అటు తిప్పాను. ప్రాక్సీతో కుస్తీ పట్టేవారెవరైనా మొట్టమొదట చేయవలసిన పని ఇదేనని ఇప్పటికీ నా అభిప్రాయం. అభ్యర్థన పైన దాని వివరాలు చెప్పే వరుసలను హెడర్లు అంటారు. కనబడినది ఇది: ప్రోటోకాల్ హెచ్‌టీటీపీ 1.0, హోస్ట్ హెడర్‌లో 127.0.0.1:9000, కనెక్షన్ హెడర్‌లో క్లోజ్. బ్రౌజర్ అడిగిన నా డొమైన్ పేరు ఎక్కడా లేదు. అది హెచ్‌టీటీపీఎస్ మీద వచ్చిందన్న ఆనవాలు లేదు. వచ్చినవారి చిరునామా లేదు. బ్రౌజర్ పంపిన కుకీలూ, భాష, బ్రౌజర్ పేరూ మాత్రం భద్రంగా చేరాయి. అంటే ఎంజినెక్స్ తెచ్చిన ఉత్తరంలో విషయమంతా ఉంది, కవరు మీది చిరునామాలే మారిపోయాయి.

దీనికి విరుగుడు ప్రాక్సీ సెట్ హెడర్ అనే ఆదేశం. అందరూ రాసే నాలుగు వరుసలు ఉన్నాయి: హోస్ట్, ఎక్స్-రియల్-ఐపీ, ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్, ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో. ఎక్కడ వెతికినా ఈ నాలుగూ ఒక మంత్రంలా దొరుకుతాయి, అతికించుకుంటే పని జరుగుతుంది కూడా. అయితే మూడో దాని దగ్గర ఆగాలి.

ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ అనే హెడర్ స్క్విడ్ ప్రాక్సీ తయారుచేసినవారు మొదలుపెట్టిన ఆనవాయితీ; ఆ తర్వాత 2014లో ఆర్ఎఫ్‌సీ 7239 ఫార్వర్డెడ్ అనే ప్రామాణిక హెడర్‌ను నిర్వచించినా, లోకం పాతదాన్నే పట్టుకుని ఉంది. అందులో చిరునామాలు కామాలతో వరుసగా ఉంటాయి, దారిలో తగిలిన ప్రతి ప్రాక్సీ తనకు కనబడిన చిరునామాను చివర చేరుస్తుంది. మంత్రంలోని వరుస వాడే చరరాశి సరిగ్గా ఆ పనే చేస్తుంది: బ్రౌజర్ నుంచి ఆ హెడర్ ఇప్పటికే వచ్చి ఉంటే దాని చివర అసలు చిరునామాను అతికిస్తుంది, రాకపోతే అసలు చిరునామాను మాత్రమే పెడుతుంది. చిక్కంతా "ఇప్పటికే వచ్చి ఉంటే" అన్న మాటలో ఉంది. ఆ హెడర్‌ను పంపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కర్ల్ లాంటి పనిముట్టుతో ఎవరైనా తమకు నచ్చిన చిరునామాను అందులో రాసి పంపవచ్చు. వెనుక అప్లికేషన్ ఆ జాబితాలో మొట్టమొదటి చిరునామాను తీసుకుని అదే అసలైనదని నమ్మితే, దాడి చేసేవాడు ప్రతి ప్రయత్నానికీ ఒక కొత్త దొంగ చిరునామా రాసుకుంటూ పోవచ్చు, నా ఐదుసార్ల నియమం వాడిని ఎన్నడూ ఆపదు. అందరికీ తాళం వేయడం నుంచి ఎవరికీ తాళం వేయలేకపోవడం దాకా ఒక్క వరుసలో ప్రయాణించవచ్చునన్నమాట. నేను సరిగ్గా అదే ప్రయాణం చేశాను, కాకపోతే సాయంత్రానికే గమనించి వెనక్కి వచ్చాను.

ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబడేది నా ఎంజినెక్స్ ఒక్కటే, దాని ముందు మరే ప్రాక్సీ లేదు అన్నప్పుడు, అతికించడం మానేసి ఆ హెడర్‌ను రిమోట్ అడ్రస్ చరరాశితో పూర్తిగా తిరగరాయడమే మేలు. బయటివారు ఏం రాసి పంపినా అది గుమ్మం దగ్గరే రాలిపోతుంది. ముందు ఒక సీడీఎన్ (పేజీలను చదువరులకు దగ్గరి సర్వర్ల నుంచి అందించే సేవ) ఉంటే కథ వేరు: అప్పుడు ఎంజినెక్స్‌కు కనబడేది సీడీఎన్ చిరునామా కనుక, రియల్ ఐపీ మాడ్యూల్‌లోని సెట్ రియల్ ఐపీ ఫ్రమ్ ఆదేశంతో ఆ సీడీఎన్ ప్రకటించిన చిరునామాల శ్రేణులను మాత్రమే నమ్మదగినవిగా చెప్పి, జాబితాను కుడి నుంచి ఎడమకు చదివించాలి. కుడివైపున ఉన్నది నమ్మకస్తులు రాసినది, ఎడమవైపుకు పోయేకొద్దీ ఎవరు రాశారో తెలియనిది. ఈ ఒక్క దిశ గుర్తున్నవారికి ఈ హెడర్‌తో పేచీ రాదు.

అప్లికేషన్ వైపు కూడా ఇదే జాగ్రత్త ఉండాలి. జావాస్క్రిప్ట్ అప్లికేషన్లకు వాడే ఎక్స్‌ప్రెస్‌లో ట్రస్ట్ ప్రాక్సీ అనే అమరిక ఉంది. దానికి ఊరికే అవునని చెప్పేయకుండా, తన ముందు ఎన్ని ప్రాక్సీలు ఉన్నాయో, లేదా ఏ చిరునామాలను నమ్మాలో చెప్పవచ్చు. పైథాన్ అప్లికేషన్లకు వాడే జాంగో తనంతట తానుగా ఈ హెడర్‌ను పట్టించుకోదు. గునికార్న్ మామూలుగా 127.0.0.1 నుంచి వచ్చిన ఫార్వర్డెడ్ హెడర్లనే నమ్ముతుంది కనుక, ప్రాక్సీ వేరే యంత్రంలోనో కంటైనర్‌లోనో ఉంటే ఆ సంగతి దానికి విడిగా చెప్పాలి.

ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో లేకపోతే జరిగేది మరింత వింతగా ఉంటుంది. హెచ్‌టీటీపీఎస్‌లోని గుప్తీకరణ అయిన టీఎల్ఎస్‌ను ఎంజినెక్స్ దగ్గరే విప్పేస్తున్నాం కనుక, వెనుకకు వెళ్లేది మామూలు హెచ్‌టీటీపీ. ఎప్పుడూ హెచ్‌టీటీపీఎస్ మీదే రావాలని పట్టుబట్టే అప్లికేషన్ అయితే, "మీరు హెచ్‌టీటీపీ మీద వచ్చారు, హెచ్‌టీటీపీఎస్ మీద రండి" అని 301, అంటే శాశ్వత దారిమళ్లింపు, పంపుతుంది. బ్రౌజర్ అప్పటికే హెచ్‌టీటీపీఎస్ మీదే ఉంది. అయినా విధేయంగా మళ్లీ అదే చిరునామాకు వస్తుంది, ఎంజినెక్స్ మళ్లీ విప్పి పంపుతుంది, అప్లికేషన్ మళ్లీ వెనక్కి తిప్పుతుంది. గానుగెద్దులా అక్కడక్కడే తిరిగి తిరిగి, చివరకు దారిమళ్లింపులు మరీ ఎక్కువయ్యాయని బ్రౌజరే చేతులెత్తేస్తుంది. పైగా 301ను బ్రౌజర్ గుర్తుపెట్టుకుంటుంది కనుక, తప్పు సరిదిద్దిన తర్వాత కూడా పాత జ్ఞాపకం కొంతసేపు వేధించవచ్చు. ప్రయోగాలు చేసేటప్పుడు తాత్కాలిక దారిమళ్లింపు అయిన 302 వాడుకోవడం క్షేమం. జాంగోలో అయితే సెక్యూర్ ప్రాక్సీ ఎస్ఎస్ఎల్ హెడర్ అనే అమరికకు ఈ హెడర్ పేరును చెప్పాలి, అయితే ఎంజినెక్స్ ఆ హెడర్‌ను ప్రతిసారీ తిరగరాస్తోందని నిర్ధారించుకున్నాక మాత్రమే.

ఈ నాలుగు వరుసలనూ నేను సర్వర్ స్థాయిలో ఒక్కసారి రాసి, లోపలి లొకేషన్లన్నిటికీ (ఒక్కో దారికి విడిగా నియమాలు రాసే భాగాలకు) అవే వర్తిస్తాయని నిశ్చింతగా ఉన్నాను. కొన్ని వారాల తర్వాత వెబ్‌సాకెట్ (బ్రౌజర్, సర్వర్ రెండూ ఎప్పుడైనా మాట్లాడుకునేలా తెరిచి ఉండే కనెక్షన్) కోసం ఒక లొకేషన్ కొత్తగా చేర్చి, అందులో అప్‌గ్రేడ్, కనెక్షన్ అనే రెండు హెడర్లను రాశాను. కనెక్షన్ తెరుచుకోబోయి, అనుమతి లేదని చెప్పే 403తో తిరిగి వచ్చేది. గంటన్నర వెతికాను. వారసత్వం విషయంలో ఎంజినెక్స్ నియమం ఏమిటంటే, ఒక స్థాయిలో ప్రాక్సీ సెట్ హెడర్ ఒక్కటి కూడా లేకపోతేనే పై స్థాయిలోవి దిగి వస్తాయి. ఒక్కటి రాసినా పైవన్నీ పోతాయి, కలుపుకోవడమన్నది లేదు. నా కొత్త లొకేషన్‌లో హోస్ట్ హెడర్ మళ్లీ 127.0.0.1:8000 అయిపోయింది, బ్రౌజర్ పంపిన ఒరిజిన్ హెడర్‌లో నా డొమైన్ ఉంది, రెండూ కలవలేదు కనుక అప్లికేషన్ న్యాయంగానే నిరాకరించింది. అప్పటి నుంచి ఆ నాలుగు వరుసలనూ విడిగా ఒక చిన్న ఫైల్‌లో పెట్టి, ప్రాక్సీ పాస్ ఉన్న ప్రతి లొకేషన్‌లోనూ ఇంక్లూడ్ చేస్తున్నాను. చూడటానికి పునరుక్తిలా ఉంటుంది, అయినా ఈ పునరుక్తి నాకు ఇష్టమే. యాడ్ హెడర్ అనే ఆదేశానికీ సాధారణంగా ఇదే గుణం ఉంది కనుక, పైన పెట్టుకున్న భద్రతా హెడర్లు కూడా ఇలాగే మాయమయ్యే అవకాశం ఉంటుంది.

వెబ్‌సాకెట్‌కు ఆ రెండు హెడర్లు ఎందుకు రాయాలన్నది కూడా దుబాసీ కథే. అప్‌గ్రేడ్, కనెక్షన్ అనేవి ఒక్క మజిలీకి మాత్రమే వర్తించే హెడర్లు. ప్రాక్సీ వాటిని ముందుకు మోయకూడదన్నది ప్రోటోకాల్ నియమం. కనుక బ్రౌజర్ చేసిన కోరికను ఎంజినెక్స్ తన సొంత కోరికగా వెనుక మళ్లీ పలకాలి, హెచ్‌టీటీపీ 1.1 మీద పలకాలి, వెనుక నుంచి సరేనని చెప్పే 101 వస్తే అప్పుడు ఇరువైపులా గొట్టం తెరుచుకుంటుంది. ఎంజినెక్స్‌లో ఈ సౌకర్యం 1.3.13 సంచిక నుంచి ఉంది.

ఇప్పుడు స్లాష్. ఇంత చిన్న గుర్తు ఇంత రభస చేయగలదని అనుభవించినవారికే తెలుస్తుంది. నివేదికలు అనే దారికి ఒక లొకేషన్ ఉందనుకుందాం, దాని పేరు స్లాష్‌తో ముగుస్తుంది: /నివేదికలు/. ప్రాక్సీ పాస్‌లో పోర్ట్ సంఖ్య 8000తోనే ఆపేస్తే, /నివేదికలు/2024 అని వచ్చినది వెనుకకు కూడా /నివేదికలు/2024 గానే చేరుతుంది. అదే 8000 తర్వాత ఒక్క స్లాష్ పెడితే, లొకేషన్‌తో సరిపోలిన భాగాన్ని తీసేసి ఆ స్థానంలో స్లాష్‌ను పెట్టమని అర్థం. వెనుకకు చేరేది /2024 మాత్రమే. ఇక లొకేషన్‌లో చివరి స్లాష్ మరచిపోయి ప్రాక్సీ పాస్‌లో పెడితే //2024 అని రెండు స్లాష్‌లతో వెళుతుంది. లొకేషన్‌లో స్లాష్ పెట్టి, ప్రాక్సీ పాస్ చివర /పాత అని స్లాష్ లేకుండా ఆపితే, /పాత2024 అనే ఎవరూ కనీ వినీ ఎరుగని దారి పుడుతుంది. నా 9000 పోర్ట్ ప్రోగ్రామ్ ముందు కూర్చుని ఈ నాలుగింటినీ ఒకదాని తర్వాత ఒకటి కొట్టి చూశాను, ఆ మొదటి వరుస మారుతుంటే చూడటంతోనే ఈ నియమం నాకు ఒంటబట్టింది. మాన్యువల్‌లో అంతకుముందు మూడుసార్లు చదివినా ఎక్కలేదు. ఏదో ఒక పద్ధతికి కట్టుబడమంటే, అప్లికేషన్‌కు తన పూర్తి దారి తెలిసి ఉండేలా రాసుకుని ప్రాక్సీ పాస్‌లో దారి భాగం అసలు రాయకపోవడమే నా ఎంపిక. దారి రాస్తే ఎంజినెక్స్ తాను శుభ్రపరిచిన రూపాన్ని పంపుతుంది, ఎన్‌కోడ్ చేసిన స్లాష్ లాంటివి మామూలు స్లాష్‌లైపోతాయి. రాయకపోతే బ్రౌజర్ పంపిన రూపమే మారకుండా వెళుతుంది.

వెనుక సర్వర్ నుంచి సరైన సమాధానం రాలేదని చెప్పే 502 గురించి క్లుప్తంగా. ఆ పేజీ కనబడగానే ఎంజినెక్స్‌ను తిట్టుకోకుండా ఎర్రర్ లాగ్ తెరిస్తే, సగం సమాధానం అక్కడి సంఖ్యలోనే ఉంటుంది. లైనక్స్‌లో 111 అంటే కనెక్షన్‌ను తిరస్కరించారు, అంటే ఆ పోర్ట్ మీద ఎవరూ వినడం లేదు. 13 అంటే అనుమతి లేదు. రెడ్ హ్యాట్ కుటుంబానికి చెందిన యంత్రాల్లో ఇది తరచుగా ఎస్ఈలైనక్స్ అనే భద్రతా వ్యవస్థ పని, హెచ్‌టీటీపీడీ క్యాన్ నెట్‌వర్క్ కనెక్ట్ అనే మీటను పైకి లేపితే సరిపోతుంది, అంతే తప్ప ఎస్ఈలైనక్స్‌ను మొత్తంగా ఆపేయనక్కర్లేదు. వెనుక నుంచి మరీ పెద్ద హెడర్ వచ్చిందని ఉంటే, అప్లికేషన్ కుకీలను ఊదరగొడుతోందని అర్థం. ఆ హెడర్లు పట్టవలసిన చోటు, అంటే ప్రాక్సీ బఫర్ సైజ్, మామూలుగా యంత్రాన్ని బట్టి 4 లేదా 8 కిలోబైట్లు. మరొకటి: ప్రాక్సీ పాస్‌లో 127.0.0.1 అని కాక లోకల్‌హోస్ట్ అని పేరు రాస్తే, ఆ పేరుకు ఐపీవీ6 చిరునామా కూడా ఉండవచ్చు, అప్లికేషన్ ఐపీవీ4 మీదే వింటూ ఉంటే అప్పుడప్పుడు మాత్రమే లాగ్‌లో తిరస్కరణలు కనబడతాయి. అప్పుడప్పుడు మాత్రమే వచ్చే తప్పుకన్నా ఎప్పుడూ వచ్చే తప్పు ఎంతో నయం కనుక, నేను సంఖ్యలే రాస్తాను.

ఒక పెద్ద నివేదికను తయారుచేసే పేజీ నా అప్లికేషన్‌లో ఉంది, దానికి దాదాపు 80 సెకన్లు పడుతుంది. గునికార్న్ మామూలుగా 30 సెకన్లకే వర్కర్‌ను చంపేస్తుంది కనుక ఆ గడువును ముందే 120కి పెంచి పెట్టుకున్నాను. ఎంజినెక్స్ వచ్చాక ఆ పేజీ సరిగ్గా 60 సెకన్లకు, గడువు ముగిసిందని చెప్పే 504 చూపడం మొదలుపెట్టింది. ప్రాక్సీ రీడ్ టైమౌట్ మామూలు విలువ 60 సెకన్లు. అది మొత్తం సమాధానానికి పెట్టిన గడువు కాదు, రెండు చదవడాల మధ్య నిశ్శబ్దానికి పెట్టిన గడువు. నా నివేదిక మొదటి అక్షరం పంపేది 80వ సెకనులో కనుక, ఆ నిశ్శబ్దం 60 దాటింది. ఇందులో అసలు నష్టం 504 పేజీ కాదు. ఎంజినెక్స్ విసుగెత్తి వెళ్లిపోయిన సంగతి వర్కర్‌కు తెలియదు, అది తన లెక్కలు తాను వేసుకుంటూనే ఉంటుంది. తప్పు పేజీ చూసిన మనిషి మళ్లీ నొక్కుతాడు, మరో వర్కర్ అదే నివేదిక మొదలుపెడుతుంది, మూడోసారి నొక్కితే మూడోది. ఐదు వర్కర్లలో మూడు ఎవరూ అందుకోని నివేదికను వండుతూ కూర్చున్నాయి. గడువును పెంచడం తాత్కాలిక ఉపశమనమే. లోపలి గడువు బయటి గడువుకన్నా తక్కువగా ఉండాలన్న క్రమాన్ని పాటిస్తూ, ఆ నివేదికను నేపథ్యంలో తయారుచేసి, పూర్తయ్యాక లింకు ఇచ్చేలా మార్చాను. ఆ మార్పు ప్రాక్సీకి సంబంధించినది కాదు కానీ, ప్రాక్సీ రాకపోతే ఆ రోగం బయటపడేది కాదు.

సమాధానాన్ని తన దగ్గర దాచుకుని ఓపికగా పోసే బఫరింగ్‌ను మొదట్లో మెచ్చుకున్నాను కనుక దాని రెండో ముఖం కూడా చెప్పాలి. సర్వర్ నుంచి కొద్దికొద్దిగా సంఘటనలను పంపే పేజీలలో, ఎంజినెక్స్ ఆ చిన్న ముక్కలను బఫర్ నిండేదాకా తన దగ్గరే దాచుకుంటుంది. చూసేవారికి నిమిషాల తరబడి ఏమీ రాదు, ఆ తర్వాత ఒక్కసారిగా గుప్పెడు వచ్చి పడతాయి. అలాంటప్పుడు మొత్తం సైట్‌కు బఫరింగ్ ఆపేయమని సలహా ఇచ్చేవారు ఉన్నారు, అది ఎలుకకు భయపడి ఇల్లు తగలబెట్టుకోవడమే. ఆ ఒక్క సమాధానంతో పాటు ఎక్స్-ఆక్సెల్-బఫరింగ్ అనే హెడర్‌లో వద్దు అని అప్లికేషనే పంపితే, దానికి మాత్రమే బఫరింగ్ ఆగుతుంది, మిగతా సైట్ ఎప్పటిలాగే నడుస్తుంది.

అప్‌లోడ్ పరిమితి మామూలుగా 1 మెగాబైట్, దాటితే 413 వస్తుంది, క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్‌తో పెంచుకోవాలి. హెడర్ పేరులో అండర్‌స్కోర్ ఉంటే ఎంజినెక్స్ మామూలుగా దానిని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. పేరులో హైఫన్ వాడుకోవాలి.

ముందు తలుపుకు ఇన్ని గొళ్లేలు బిగించి పెరటి తలుపు తెరిచి ఉంచితే ఏం ప్రయోజనం? అప్లికేషన్ 0.0.0.0 మీద వింటూ ఉంటే, 8000 పోర్ట్‌కు నేరుగా వచ్చేవారికి ఎంజినెక్స్‌తో పనే లేదు. వారు తమకు నచ్చిన ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ రాసుకుని లోపలికి రావచ్చు. 127.0.0.1 మీదనో యూనిక్స్ సాకెట్ మీదనో మాత్రమే వినేలా కట్టేయడం దీనికి మందు. అప్లికేషన్లను కంటైనర్లలో నడిపే డాకర్ వాడేవారు మరికాస్త మెలకువగా ఉండాలి, ఎందుకంటే పోర్ట్‌ను ప్రచురించేటప్పుడు చిరునామా చెప్పకపోతే అది అన్ని చిరునామాల మీదా తెరుచుకుంటుంది, పైగా డాకర్ లైనక్స్ ఫైర్‌వాల్‌లో (ఐపీటేబుల్స్‌లో) తన సొంత నియమాలను రాసుకోవడం వల్ల, యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ పనిముట్టు మూశాననుకున్న పోర్ట్ కూడా బయటికి తెరిచే ఉంటుంది. వేరే నెట్‌వర్క్ నుంచి ఆ పోర్ట్‌ను తట్టి చూడటం తప్ప దీనిని నమ్మే మార్గం మరొకటి లేదు.

ఇదంతా చదివాక క్యాడీ అనే మరో వెబ్ సర్వర్ వాడితే సరిపోదా అని కొందరికి అనిపిస్తుంది. నిజమే, అది హోస్ట్ హెడర్‌ను మార్చకుండా పంపుతుంది, ఫార్వర్డెడ్ హెడర్లను తానే పెడుతుంది, బయటి నుంచి వచ్చినవాటిని మామూలుగా నమ్మదు, సర్టిఫికెట్లను తానే తెచ్చుకుంటుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను దానినే చూపిస్తాను. నేను మాత్రం ఎంజినెక్స్ దగ్గరే ఉండిపోయాను. అందులో ఏ వరుస ఎందుకుందో ఇప్పుడు నాకు తెలుసు, అంత కష్టపడి నేర్చుకున్నదాన్ని వదులుకోవడానికి మనసొప్పలేదన్నది కూడా ఒక కారణమే.

ఇప్పుడు ఏ చిన్న మార్పు చేసినా, ముందుగా ఎంజినెక్స్‌ను టీ ఆప్షన్‌తో నడిపి ఫైల్ సరిగా ఉందో లేదో అడుగుతాను, ఆ తర్వాతే రీలోడ్. రీలోడ్‌లో పాత వర్కర్లు తమ చేతిలో ఉన్న అభ్యర్థనలను ముగించుకున్నాకే నిష్క్రమిస్తాయి కనుక వచ్చినవారికి ఏమీ తెలియదు. తెరిచి ఉన్న వెబ్‌సాకెట్లు మాత్రం పాత వర్కర్‌ను చాలాసేపు పట్టుకుని వేలాడతాయి. యాక్సెస్ లాగ్‌లో మామూలు వరుస చివర మరో మూడు విలువలు చేర్చుకున్నాను: మొత్తం పట్టిన సమయం, వెనుక సర్వర్ తీసుకున్న సమయం, వెనుక సర్వర్ ఇచ్చిన స్టేటస్. మొదటిది పెద్దదై రెండోది చిన్నదైతే నెమ్మది అవతలివారి కనెక్షన్‌ది. రెండూ పెద్దవైతే నెమ్మది నా కోడ్‌ది. చివరగా, వేరే చోటు నుంచి కర్ల్‌తో ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్‌లో 1.2.3.4 అని అబద్ధం రాసి, తప్పు పాస్‌వర్డ్‌తో వరుసగా ఆరుసార్లు లాగిన్‌కు ప్రయత్నిస్తాను. ఆరోసారి తాళం పడాలి, అప్లికేషన్ లాగ్‌లో 1.2.3.4 ఎక్కడా కనబడకూడదు, అదే సమయంలో నా ఫోన్ నుంచి మొబైల్ డేటా మీద సరైన పాస్‌వర్డ్‌తో లాగిన్ కాగలగాలి.